మధ్యాహ్నపు యూనిట్టుకు వెల యెంత?

(నరసరావుపేటలో విద్యుత్తు వినియోగదారుల సభయందు ఒక న్యాయవాది చేసిన ఉపన్యాస పాఠము)



పల్నాటివారికి రేటు తగవు క్రొత్తది కాదు. అడవిలో పశువులు మేసినందుకు పుల్లరి కట్టజాలమని 1921-22 సంవత్సరములలో మన పెద్దలు తిరుగబడిరి. మించాలపాడు వాసి కన్నెగంటి హనుమంతు 1922లో ఆ పోరాటముననే తుపాకి గుండ్లకు బలియయ్యెను. నేడు ఎండమీద ఎవరును పన్ను వేయలేదు, నిజమే. కాని మన డాబామీద పడిన ఎండను విద్యుత్తుగా మార్చి తీగె కెక్కించినప్పుడు దానికి వెల కట్టువారెవరు, ఏ లెక్కన కట్టుదురు అను ప్రశ్న పుల్లరి ప్రశ్నకు తోబుట్టువే.

మొదట లెక్క చూతము. ఇప్పుడున్న పద్ధతికి నెట్ మీటరింగని పేరు. పగలు మన పలకలు తీగెకిచ్చిన యూనిట్లను, రాత్రి మనము తీగెనుండి తీసికొన్న యూనిట్లలో తగ్గించి, తక్కినవానికే బిల్లు వ్రాయుదురు. కనుక ఇచ్చిన యూనిట్టు విలువ, అది మన బిల్లులో కొట్టివేసిన యూనిట్టు విలువయే. ఆ విలువ ఇంటింటికి వేరు. 2022-23లో అమలునకు వచ్చిన గృహ విద్యుత్తు పట్టిక ప్రకారము మొదటి 30 యూనిట్లకు 1.90 రూపాయలు, 75 వరకు 3, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75.

నెలకు 300 యూనిట్లు వాడు గృహస్థుని తీసికొనుడు. స్థిరఛార్జీలు, సర్దుబాటు ఛార్జీలు విడిచిన ఆయన బిల్లు 1,673 రూపాయలు. రెండు కిలోవాట్ల పలకలు నెలకు సుమారు 240 యూనిట్లిచ్చును. మిగిలిన 60 యూనిట్లకు ఆయన కట్టునది 147 రూపాయలు. అనగా ఆయన యూనిట్టుకు 6 రూపాయల 36 పైసలు దక్కినవి. ప్రక్కవీధిలో 75 యూనిట్లు వాడు నేతపనివాని బిల్లు 192 రూపాయలు. అది యావత్తు కొట్టివేసినను ఆతని యూనిట్టుకు దక్కునది 2 రూపాయల 56 పైసలే. సూర్యుడొక్కడే, తీగె యొక్కటే, వెలలు మాత్రము రెండు.

ఇట్టి చిన్న వాడకము గల కక్షిదారు డొకడు ఇటీవల నావద్దకు వచ్చెను. మూడు కిలోవాట్లకు కేంద్రప్రభుత్వ సహాయము 78,000 రూపాయలు వచ్చుచున్నదని ఒక వర్తకుడు ఆతనిచే మూడు కిలోవాట్లు పెట్టించి, మిగులు యూనిట్లన్నిటికి బిల్లులోని పైమెట్టు ధర చెల్లింతురని నమ్మబలికెను. ఆ పలకలు నెలకు 360 యూనిట్లిచ్చును; ఆతడు వాడునది 75. మిగులుకు కమిషను వేరుగా ధర నిర్ణయించును గాని, బిల్లులోని మెట్ల ధర దానికి వర్తింపదు. ఒప్పందముపై సంతకము చేసిన పిమ్మట వచ్చినవానికి నేనేమి చెప్పగలను? వాడకమునకు మించి పలకలు పెట్టకుడని మీకు మాత్రము ముందుగానే చెప్పుచున్నాను.

ఇతర ప్రాంతముల సంగతి యేమి? గుజరాతులో గృహస్థుల మిగులుకు యూనిట్టుకు 2.25 రూపాయలు నిర్ణయించిరి. జర్మనీలో 2000 సంవత్సరపు చట్టము యూనిట్టుకు 99 ఫెన్నిగు లిచ్చెను. 2024 నాటికి క్రొత్తగా చేరు చిన్న యిండ్లకు ఆ ధర సుమారు 8 సెంట్లకు దిగెను. మన తెలుగువారు వేలసంఖ్యలో నివసించు కాలిఫోర్నియాలో 2023 ఏప్రిలు 15 తరువాత చేరినవారికి చెల్లింపు సుమారు నాలుగింట మూడు వంతులు తగ్గెను. ఈ రెండు దేశములలోను గమనింపదగినది ధర పడిపోవుట కాదు. ముందు చేరినవారికి ఇరువది యేండ్లకు ఇచ్చిన మాటను మార్చలేదు. న్యాయవాదిగా నాకు ముఖ్యముగా తోచునది ఇదియే.

పంపిణీ సంస్థవారి వాదమును గూడ వినవలెను. సౌర విద్యుత్తును పెద్దమొత్తమున యూనిట్టు 2.49 రూపాయలకు కొనుటకు 2021లో మన రాష్ట్రమున ఒప్పందము జరిగినది; అట్టియెడ డాబామీది యూనిట్టుకు 9.75 ఏల యియ్యవలెనని వారి ప్రశ్న. ఇందు సత్యము లేకపోలేదు. మేడలవారి యూనిట్టుకు పైమెట్టు ధర దక్కినప్పుడు తీగెల ఖర్చు, స్తంభముల ఖర్చు డాబాయే లేని పూరింటివాని బిల్లునకు జారును. అందుచేత ఎక్కువ ధర, ఎక్కువ ధర అని కేకలు వేయుటకు నేను సిద్ధముగా లేను. మీలో కొందరికిది రుచింపకపోవచ్చును. కాని 2.49 అనునది దూరపు ఎడారి ధర. మాచర్లలో డాబామీద పుట్టిన యూనిట్టు పొరుగింటిలోనే ఖర్చగును. దూరపు పెద్ద లైన్ల ఖర్చు, దారిలో పోవు నష్టము దానికి లేవు. పగటివేళ సేద్యపు పంపులకు 9 గంటలు కరెంటిచ్చు మన రాష్ట్రమున మధ్యాహ్నపు యూనిట్టు అక్కరలేనిదనుట చెల్లదు.

కావున నా కోరిక యిది: చిన్న యిండ్లకు, మూడు కిలోవాట్ల వరకు, యూనిట్టుకు యూనిట్టు కొట్టివేయు పద్ధతి నిలువవలెను. ఆపై మిగులుకిచ్చు ధర పెద్దమొత్తపు ధరకు, ఆదా అయిన రవాణా ఖర్చును చేర్చినదానికి తగ్గరాదు. ఒప్పందమున వ్రాసిన పద్ధతి ఒప్పందము ముగియువరకు మారరాదు.

దీనిని అడుగుటకు చోటు కలదు. 2003 విద్యుచ్ఛట్టము 64వ విభాగము ప్రకారము రేట్ల దరఖాస్తును ప్రకటింపవలెను. ప్రజల సూచనలు, అభ్యంతరములు ఆలోచించి 120 దినములలో కమిషను ఉత్తరువియ్యవలెను. నిబంధనల ముసాయిదాను గూడ ముందుగా ప్రకటింపవలసినదే. గురజాలనుండి ఎన్ని అభ్యంతరములు పోయినవో మీరే ఆలోచింపుడు. కమిషను ఎదుట సంస్థలు లెక్కలతో నిలుచును; మనము ఉత్తరువు వచ్చిన తరువాత టీ అంగడిలో వాదింతుము.

అభ్యంతర పత్రపు ముసాయిదా సిద్ధమైనది. వచ్చు ఆదివారము ఉదయము మరల ఇచ్చటనే కలిసికొందము. పలకలు పెట్టినవారు గత పండ్రెండు నెలల బిల్లులును, ఒప్పందపు నకలును తెండు. పెట్టనివారు తమ బిల్లులైనను తెండు. వారి లెక్కయు అందులో చేరవలెను.