అమ్మకు అరువది నిండిన నాడు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)

అందరికీ పరాభవ నామ సంవత్సర శుభాకాంక్షలు. పేరు విని ఎవరూ జంకనక్కరలేదు. 1966లో కూడ ఈ పరాభవయే వచ్చినది. ఆ యేడు పుట్టినవారు ఈ సభలో నవ్వుతూ కూర్చుని ఉన్నారు. పేరు పంచాంగమువారు పెట్టినది. నడత మనము పెట్టుకొనవలసినది.

కార్యదర్శిగారు మమ్ములను ఏదైన ఉపయోగకరమైన విషయము మాట్లాడుమన్నారు. మేము పండితులము కాము. మెట్రిక్కుతో చదువు నిలిచినది. రైల్వేలో గుమాస్తా పని. పొద్దున లేచినది మొదలు పద్దులు, జాబితాలు, సెలవు చీటీలు. కనుక మాకు తెలిసిన సంగతినే, రెండు నెలల క్రిందట మా యింటిలో జరిగినదానినే చెప్పెదము. మేమంటే ఆలుమగలము ఇద్దరము. ఈ ప్రసంగములో సగము మా యింటావిడది. ఆమె మాట్లాడనన్నది కనుక ఆ సగము కూడ మేమే చదువుచున్నాము.

మా అమ్మ పుట్టినరోజు ఎప్పుడో మొన్నమొన్నటి దాక మాకు తెలియదు. ఆధార్ కార్డులో జనవరి 1 అని ఉన్నది. అది పుట్టినరోజు కాదని మాకు తెలియును. తేదీ తెలియనివారికి గుమాస్తా వేసే తేదీ అది. గుమాస్తాలము గనుక మాకా కిటుకు తెలుసు. పాత రిజిస్టర్లు తిరగవేస్తే జూన్ 1న పుట్టినవారు ఎందరో కనబడతారు. బడిలో చేర్చుకొన్న అయ్యవారు వేసిన తేదీ అది.

కిందటి దసరా సెలవులలో మా పెద్దమ్మాయి అడిగినది: "బాపమ్మా, నువ్వెప్పుడు పుట్టినవ్?"

అమ్మ వెంటనే చెప్పినది: "విశ్వావసు నామ సంవత్సరం, రథసప్తమి నాడు. మా అవ్వ తలమీద జిల్లేడాకులు పెట్టుకొని తానం జేసి అచ్చెటాల్లకే నొప్పులు మొదలైనయంట. పొద్దుగూకకముందే నేను పుట్టిన."

"అట్ల కాదు, ఏ సంవత్సరం?"

"గదే చెప్తున్న గద బిడ్డా, విశ్వావసు!"

సంవత్సరముల పేర్లు అరువది. అరువది యేండ్లకొకసారి తిరిగి వచ్చును. పిల్ల కాగితము తీసికొని లెక్క వేసినది. అప్పుడు నడుచుచున్నది విశ్వావసు. దాని ముందటి విశ్వావసు 1965-66. అంటే అమ్మ పుట్టినది 1966 జనవరిలో. వచ్చే రథసప్తమికి, 2026 జనవరి 25 ఆదివారమునాటికి, అరువది నిండును. ఆధార్ కార్డుకు తెలియని సంగతి పంచాంగమునకు తెలిసినది. మేము ముప్పది యేడేండ్లుగా అమ్మ కొడుకులమై ఉండి ఒక్కసారియైన అడుగలేదే అని సిగ్గుపడినాము.

అరువది అనగానే అందరికీ తోచేది షష్టిపూర్తి. కాని మా బాపు గతించి ఆరేండ్లయినది. షష్టిపూర్తి అంటే ఆలుమగలను పీటల మీద కూర్చుండబెట్టి మరల తలంబ్రాలు పోయించుట. ఒంటరిగా ఉన్న ఆడమనిషికి ఆ వేడుక మన ఆచారములో లేదు. మా చాల్‌లో ఒక పెద్దమ్మ, మమ్ములను ఎత్తుకొని పెంచినావిడే, వరండాలో కూర్చుని అన్నది: "మొగుడు లేనిదానికి పండుగేంది బిడ్డా? నలుగురు ఏమనుకుంటరు?"

ఆమెకు చెడుబుద్ధి లేదు. తన విషయములోనూ ఆమె అట్లే నడుచుకొన్నది. కాని అమ్మ ఆ మాట విన్నది. ఆ రాత్రి గిన్నెలు తోముతూ "నాకేమొద్దు బిడ్డా, దేవునికాడ ఓ దీపం పెట్టుండ్రి, చాలు" అన్నది. ఆ గొంతులో వైరాగ్యము లేదు. చిన్నబోవుట ఉన్నది. మేము ఆ తేడా పట్టలేదు. మా యింటావిడ పట్టినది. "షష్టిపూర్తి చెయ్యకుంటే మానె. అరువై యేండ్లు బతికింది అత్తమ్మ. దానికి లెక్క లేదా?" అని అడిగినది. మా వద్ద జవాబు లేదు.

ఇంటిలోనే చేద్దామంటిమి. దానికీ ఆమె తల ఊపలేదు. మేమున్నది వర్లి బి.డి.డి. చాల్‌లో. 1920ల దశకములో ప్రభుత్వము కూలీనాలీ కొరకు కట్టించిన 121 కట్టడములలో ఒకదానిలో, 160 చదరపు అడుగుల ఖోలీ. ఆ ఖోలీలో ఏ పండుగ చేసినను పొయ్యి దగ్గర ఉండేది అమ్మయే, అంట్లు తోమేది అమ్మయే. తన పుట్టినరోజుకు తానే వంట చేసి, వచ్చినవారికి తానే వడ్డించి, చివరకు మిగిలినది తినుట ఏమి పండుగ? వేరొకరు తెచ్చి ముందు పెట్టి, ఎంగిలి గిన్నె వేరొకరు తీసికొనిపోయే చోటికి ఆమెను ఒక్కపూట తీసికొని పోవలెను. ఇదీ మా యింటావిడ వాదము.

అమ్మకు ప్రాణము చాయ. కనుక అపోలో బందరులోని తాజ్ మహల్ హోటలులో సాయంత్రపు హై టీకి పోదామని నిశ్చయించినాము. ఐదుగురికి అయ్యే ఖర్చు మా నెల కిరాణా బిల్లును మించినది. మా యింటావిడ దసరా నుండి జాకెట్లు కుట్టిన డబ్బు డబ్బాలో వేసినది. మేము ఆఫీసు క్యాంటీను మానినాము. అమ్మతో మాత్రము "ఊరికే బయట చాయ తాగొద్దాము" అన్నాము.

ఇక్కడ ఆ హై టీ సంగతి కొంచెము చెప్పవలెను; పిల్లలు పుస్తకములలో, ఫోనులలో వెదికి మాకు చెప్పినది. ఇంగ్లండులో 1840 ప్రాంతమున బెడ్‌ఫర్డ్ డచెస్ అయిన ఆనా అనే దొరసానికి మధ్యాహ్న భోజనమునకు, రాత్రి భోజనమునకు నడుమ ఆకలియై, గదికి టీ, రొట్టె, వెన్న తెప్పించుకొనుట అలవాటైనదట. అది గొప్పవారి మధ్యాహ్నపు టీ. హై టీ అనేది వేరు. ఉత్తర ఇంగ్లండులోని మిల్లు ఊళ్ళలో పనివారు సాయంత్రము పని దిగి వచ్చి, ఎత్తైన భోజనపు బల్ల దగ్గర కూర్చుని రొట్టె, మాంసము, జున్నులతో వేడి టీ త్రాగి కడుపు నింపుకొనేవారు. అదే హై టీ. అంటే అది శ్రామికుల రాత్రి భోజనము! ఈనాడు పెద్ద హోటళ్ళు దొరసాని టీకి పనివాని పేరు పెట్టి వడ్డించుచున్నవి.

ఈ సంగతి చదివినప్పుడు మాకు ధైర్యము వచ్చినది. మన పెద్దలు ఎవరు? పద్దెనిమిదవ శతాబ్ది చివర ఈ దీవులను కలిపి నగరము కట్టుచున్నప్పుడు రాళ్ళు మోసిన కామాటీలు. వారి పేరే కామాటిపుర. తరువాత వచ్చినది మిల్లుల కాలము. 1854లో కావస్‌జీ దావర్ తాడ్‌దేవ్‌లో మొదటి బట్టల మిల్లు స్థాపించినారు. 1856లో అది నడిచినది. ఆపైన కరీంనగరు, నల్లగొండల నుండి మగ్గము విడిచి సాంచా పట్టిన పద్మశాలీలు వర్లికి వచ్చినారు. ఆ తాజ్ హోటలును 1903లో తెరిచిన జంషెట్‌జీ టాటా కూడ బట్టల మిల్లులు నడిపినవారే. నాగపూరులో ఎంప్రెస్ మిల్లు 1877లోనే పెట్టినారు. కనుక మిల్లు కార్మికుని భార్య మిల్లు యజమాని కట్టించిన ఇంటిలో మిల్లు పనివారి టీ త్రాగుటలో వింత యేమి?

రథసప్తమినాడు పొద్దున అమ్మ తలమీద జిల్లేడాకు పెట్టి స్నానము చేయించినాము. సాయంత్రము లోయర్ పరేల్‌లో లోకల్ ఎక్కి చర్చిగేట్‌లో దిగి టాక్సీలో పోయినాము. క్రొత్త చీర కట్టుకొమ్మంటే అమ్మ వినలేదు. బాపు కొన్న ఆకుపచ్చ చీర కట్టినది. వాకిట సంచులు యంత్రములో పెట్టి చూచుచుండగా "ఎందుకురా?" అన్నది. 2008 నవంబరు 26 రాత్రి ఈ హోటలులోను, మన సి.ఎస్.టి. స్టేషనులోను జరిగిన ఘోరము జ్ఞాపకము చేసినాము. "ఔ, ఆ రాత్రి మీ బాపు నీకోసం తెల్లారేదాక వరండల నిలవడ్డడు" అన్నది. మాకా సంగతి అంతవరకు తెలియదు.

అంతలో ఆమె సంచిలో స్టీలు డబ్బా ఒకటి బయటపడినది. తెరిచి చూస్తే సంక్రాంతికి చేసిన సకినాలు! "ఒట్టి చాయ ఎట్ల తాగుతరు?" అన్నది. కాపలాదారు నవ్వి డబ్బా మూసి ఇచ్చినాడు.

పై అంతస్తులో కిటికీ ప్రక్కన బల్ల. కిటికీలో సముద్రము, గేట్ వే ఆఫ్ ఇండియా, పడవలు. ఆ గేట్ వే 1924లో పూర్తియైనది. దానికంటె ఈ హోటలే పెద్దదని పిల్లలు చెప్పినారు. సాండ్విచ్చులు, స్కోన్లు, కేకులు వచ్చినవి. వాటి సరసన భేల్ పూరి! అమ్మ దానిని చూచి పెద్దగా నవ్వినది: "గీ మరమరాలకు మనం గింత దూరం అస్తిమా? వర్లి సముద్రం ఒడ్డుకు దొరకదా?"

టీ వచ్చినది. అమ్మ కప్పులోనిది సాసరులో పోసి, ఊది, చప్పుడు చేస్తూ త్రాగినది. చుట్టుప్రక్కల బల్లలవైపు మా చూపు పోయిన మాట నిజము. దాచి ప్రయోజనము లేదు, సిగ్గుపడినాము. మా అమ్మాయి మాత్రము ఒక్క క్షణము బాపమ్మను చూచి, తన కప్పు కూడ సాసరులో పోసికొని అట్లే త్రాగినది. ఒకప్పుడు ఇంగ్లండు వారు కూడ సాసరులోనే పోసికొని త్రాగేవారట. ఆ సంగతి మాకు తరువాత తెలిసినది. ముందే తెలిసినా తెలియకున్నా, పన్నెండేండ్ల పిల్లకు ఉన్న బుద్ధి ఆ నిమిషమున మాకు లేకపోయినది.

రెండవ కప్పు పోసిన తరువాత అమ్మ తానై చెప్పినది. 1982 జనవరి 18న మొదలైన మిల్లు సమ్మె మీకందరికీ తెలిసినదే. రెండున్నర లక్షల కార్మికుల ఇండ్లలో పొయ్యి ఆరినది. సమ్మె తరువాత బాపును మరల పనిలోకి తీసికొన్నారు. 1984లో పెండ్లి. కొత్త కోడలుగా అమ్మ వర్లికి వచ్చిన నెలలో, మొదటి పగారు దినమున బాపు ఆమెను నాకా దగ్గర ఇరానీ హోటలుకు తీసికొని పోయినాడట.

"బ్రున్ మస్కా తెప్పిచ్చిండు. నాకు రొట్టె ముంచుకొని తినుడు రాదు. గట్టిగుండె. అందరు జూస్తున్నరని నేను ముట్టలే. మీ బాపు తన రొట్టె సాసర్ల ముంచి, చప్పుడు జేసుకుంట తిన్నడు. 'నన్ను జూడనీ, నిన్నెవ్వలు జూడరు, తిను' అన్నడు. మల్లెన్నడు హోటల్ల చాయ తాగలే. మిల్లు మూతవడ్డది, నేను బీడీలు జేసుడు, మీ సదువులు..."

అంతే చెప్పినది. ఏడువలేదు. స్కోను ముక్క టీలో ముంచి తిన్నది. నలుబదియేండ్ల క్రిందటి ఆ పుట్టినరోజు కాని రోజే ఆమెకు మిగిలిన ఒక్క వేడుక అని మేము ఆ బల్ల దగ్గర తెలిసికొన్నాము. డబ్బులు పోసి ఆమెకు క్రొత్తది ఏదో చూపించుచున్నామని మేమనుకొన్నాము. ఆమె మాకు మా బాపును చూపించినది.

బయటికి వచ్చి గేట్ వే ఎదుట గట్టుమీద కూర్చుని సకినాలు తిన్నాము. అవే బాగున్నవని పిల్లలు తీర్పు చెప్పినారు.

మరునాడు వరండాలో ఆ పెద్దమ్మ అమ్మను ప్రక్కన కూర్చుండబెట్టుకొని అంతయు అడిగినది: ఏమి పెట్టినారు, ఎంత తీసికొన్నారు, చాయలో పాలు ఉన్నవా లేవా. చివరకు మా అమ్మాయిని పిలిచి మెల్లగా అన్నది: "బిడ్డా, నేను సర్వధారి సంవత్సరం, బతుకమ్మ పండుగకు పుట్టిన. నాకెన్నేండ్లో జెర లెక్కగట్టు." సర్వధారి అంటే 1948. వచ్చే బతుకమ్మకు ఆమెకు డెబ్బది ఎనిమిది నిండును.

సోదర సోదరీమణులారా! హోటలుకు పోవుటయే గొప్ప అని మేము చెప్పుటలేదు. అప్పు చేసి పోవలసినది అంతకంటె కాదు. నాకా దగ్గర కటింగ్ చాయయైనను చాలును. మా మనవి మూడు మాటలు. ఒకటి: మీ యింటి పెద్దలను, ముఖ్యముగా అమ్మలను, ఏ సంవత్సరము, ఏ పండుగకు పుట్టినారో ఈ రోజే అడగండి. వారికి తేదీ తెలియకపోవచ్చును, తిథి తెలియును. రెండు: ఆ రోజున వారిని వంటయింటి నుండి తప్పించండి. భర్త ఉన్నా లేకున్నా ఆ రోజు వారిదే. మూడు: సంఘమువారు ఒక పుస్తకము పెట్టి ఆ తిథులను వ్రాసి ఉంచవలెను. వ్రాసే పని మాది, గుమాస్తాలము గదా.

ఈ మూడవది ఎందుకనగా, చాల్‌లు పోవుచున్నవి. కిందటి యేడు ఆగస్టులో వర్లిలో మొదటి 556 కుటుంబములకు క్రొత్త కట్టడములలో 500 చదరపు అడుగుల ఇండ్ల తాళములు ఇచ్చినారు. మా వంతు కూడ వచ్చును. మంచిదే, అమ్మకు తలుపు గల వంటయిల్లు వచ్చును. కాని అక్కడ ఈ వరండా ఉండదు. ఎవరు ఏ పండుగకు పుట్టినారో వరండా గుర్తుంచుకొనేది. ఇకమీద మనమే గుర్తుంచుకొనవలెను.

ఉగాది పచ్చడి చల్లారిపోదు గాని, వెనుక టీ చల్లారిపోవుచున్నది.