పిలిచినవాడి పూచీ

 

తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయింది. కాలువల్లో నీళ్ళు పారాక కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు బళ్ళారి, సిరుగుప్ప, గంగావతి చుట్టూ భూములు కొని క్యాంపులు వేసుకున్నారు. ముందు ఒకరు వచ్చారు. నేల చవక, నీళ్ళున్నాయని ఇంటికి ఉత్తరం రాశారు. తమ్ముడు వచ్చాడు, బావమరిది వచ్చాడు, పెదనాన్న కొడుకులు వచ్చారు. వాళ్ళ మొదటి పంట ఇంటికి చేరేదాకా ముందొచ్చినవాళ్ళ గాదెలోని గింజలే అందరికీ తిండి. నేను పుట్టింది అలాంటి క్యాంపు ఇంట్లోనే.

ఇవాళ మన పిల్లలు అమెరికా నుంచి అలాగే పిలుస్తున్నారు. పిలిచే మనసు అదే, దారి మాత్రం చాలా పొడుగు. ఆ సంగతి తెలియక మన ఇళ్ళలో ఆశలు పెంచుకుని నలిగిపోతున్నారు. అందుకే ఈ మాటలు.

అమెరికా 1946లో చేసిన చట్టం భారతీయులకు ఏటా నూరు చోట్లు ఇచ్చింది. 1965 చట్టం ఆ లెక్క తీసేసి, కుటుంబాలను కలపడానికి పెద్దపీట వేసింది. అయితే వాళ్ళ కుటుంబం వేరు, మన కుటుంబం వేరు. మనకు పెదనాన్న కొడుకు అన్నే, పిన్ని కూతురు చెల్లెలే. ఆ చట్టం లెక్కలో భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు, తోబుట్టువులు. మేనమామకూ మేనల్లుడికీ నేరుగా చోటు లేదు.

ఇరవై ఒక్క ఏళ్ళు నిండిన పౌరులు అమ్మానాన్నలను పిలిపించుకుంటే వీసాల సంఖ్యకు పరిమితి లేదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ విషయం వేరు. పిలిచేవాళ్ళకు గ్రీన్ కార్డు చాలదు, పౌరసత్వం ఉండాలి. ప్రపంచం మొత్తానికి ఏటా 65,000 వీసాలు. ఇలా పరిమితి ఉన్న వీసాలన్నిటి మొత్తంలో ఏ దేశానికైనా మామూలుగా ఏడు శాతమే. ఈ మధ్య మన దేశంలో వంతు వచ్చినవి 2006 ప్రాంతంలో పెట్టుకున్న అర్జీలు. అంటే దాదాపు ఇరవై ఏళ్ళు.

అర్జీ పెట్టిన నాడు చంకలో ఉన్న బిడ్డకు వంతు వచ్చేసరికి ఇరవై ఒకటి దాటవచ్చు. దాటితే అమ్మానాన్నలతో పాటు వెళ్ళే వీలుండదు. 2002లో వచ్చిన చట్టం వయసులో కొంత తగ్గించి చూస్తుంది. కానీ తగ్గించేది అర్జీని ఆమోదించడానికి పట్టిన కాలమే, వరుసలో నిలబడిన ఏళ్ళు కావు. అమ్మానాన్నలకు వీసా వచ్చి, కొడుకు ఇక్కడే ఉండిపోవలసి రావచ్చు. ఏ తల్లి విమానం ఎక్కగలదు?

ఆ భయంతో కొందరు అన్న కొడుకును దత్తత కాగితాల్లోకి ఎక్కించమంటారు. వద్దు. మామూలుగా దత్తత పదహారేళ్ళ లోపు జరగాలి, రెండేళ్ళు నిజంగా కలిసి బతకాలి. కాగితం మీది దత్తత మోసమని తేలితే ఆ బిడ్డకు అమెరికా దారి జన్మంతా మూసుకుపోవచ్చు.

పిలిచేవాళ్ళు సంతకం పెట్టే పూచీపత్రం సంగతీ తెలుసుకోండి. అక్కడి పేదరికపు గీతకు 125 శాతం ఆదాయం చూపాలి. వచ్చినవాళ్ళు పౌరులయ్యేదాకా, లేదా సుమారు పదేళ్ళ పని లెక్క పూర్తయ్యేదాకా మామూలుగా ఆ పూచీ వదలదు. విడాకులతో కూడా తీరిపోదు. మన తాతలు గాదె తెరిచింది మాట మీద. ఇక్కడ అదే మాటకు చట్టం సంతకం అడుగుతోంది.

కాబట్టి అక్కడి పిల్లలకు నా మనవి: పౌరసత్వం వచ్చిన వెంటనే అర్జీ పెట్టండి, ఆలస్యమైన ప్రతి నెలా వరుసలో వెనక్కి నెడుతుంది. ఇక్కడి వాళ్ళకు: మీ జనన పత్రంలోనూ, పిలిచే తోబుట్టువు జనన పత్రంలోనూ తల్లిదండ్రుల పేర్లు ఒకేలా ఉండేట్టు చూసుకోండి. క్యాంపుల్లో పుట్టిన చాలామందికి జనన నమోదే లేదు. నమోదు లేదన్న ధ్రువపత్రం, ఎస్సెస్సెల్సీ మార్కుల కార్డు, పుట్టుక ఎరిగిన పెద్దల ప్రమాణపత్రం ఇప్పుడే సమకూర్చుకోండి. ఆ పెద్దలు ఎల్లకాలం ఉండరు.

అర్జీ వేశాం కదా అని చదువు ఆపకండి, పెళ్ళి వాయిదా వేయకండి, కాలువ కింది పొలం అమ్మకండి. పిలుపు వస్తే వెళ్ళండి. రాకపోయినా మీ తాతలు పిలిచి నిలబెట్టిన ఊరు మీకుంది. దాన్ని బాగా చూసుకోండి.