తక్కువ తిరిగిన రథము

అమెరికాలోని మన ఆలయములకు వాహనపూజకై వచ్చు కార్లలో, ఒకరు వాడి అమ్మిన స్పోర్ట్స్ కార్లును ఉండును. "స్వామీ, 1996 నాటి మాజ్దా మియాటా, 20,000 మైళ్ళే తిరిగినది, క్రొత్తదే అనుకొనుడు" అని కొన్నవారు మురిసిపోవుదురు.

మైళ్ళు తిరుగలేదు గాని సంవత్సరములు తిరిగినవి గదా! కఠోపనిషత్తు శరీరమును రథమనినది. కదలక కూర్చున్న శరీరమునకు ముసలితనము రాకుండునా?

బ్రేకులలోని ద్రవము గాలిలోని తేమను పీల్చుకొనును. నీరు చేరిన ద్రవము తక్కువ వేడికే మరుగును. కొండదారి దిగునప్పుడు మాటిమాటికి బ్రేకు వేయగా అందులో ఆవిరి బుడగలు పుట్టి, పెడల్ అడుగంట నొక్కినను బండి ఆగకపోవచ్చును. ప్రక్కన కూర్చున్నది మీ బిడ్డయే కావచ్చును. కనుక ఎప్పుడు మార్చిరో రశీదు లేనిచో వెంటనే మార్పించుడు, ఆపై రెండేండ్లకొకమారు.

టైరు ప్రక్కన డాట్ ముద్ర చివరనున్న నాలుగంకెలు చూడుడు. 1215 అనగా 2015వ సంవత్సరము పండ్రెండవ వారమున తయారైనదని అర్థము. గాడులు లోతుగానున్నను రబ్బరు ముదిరినచో నమ్మరాదు. టైమింగ్ బెల్టును కూడ మైళ్ళ లెక్కనే గాక, ఏండ్ల లెక్కనను మార్పించవలెను. ఇంజనాయిలు మాట చెప్పనక్కరలేదు, అది అందరును మార్పించుచునే యున్నారు.

నిమ్మకాయలు, కొబ్బరికాయ మేము సిద్ధము చేసెదము. మీరు పూజకు ముందే ఒకమారు మెకానిక్కు వద్దకు పోయి రండు.