మరపు కమ్మిన తల్లిదండ్రుల ఊపిరి

మట్టితో మనిషిని రూపొందించి, అతనికి శ్వాసను ప్రసాదించిన అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పై శాంతి, శుభాలు వర్షించుగాక!



మనలో కొందరు ఎంతో తెలిసిన తరువాత ఏమీ తెలియని వయసుకు చేరుకుంటారని దివ్య ఖుర్‌ఆన్‌లోని అన్ నహ్ల్ సూరా (16:70) మనకు తెలియజేస్తోంది. వైద్యులు డిమెన్షియా అని పిలిచే వ్యాధిలో మనం అటువంటి స్థితినే చూస్తున్నాం. మన దేశంలో 60 ఏళ్లు పైబడిన వారిలో సుమారు 88 లక్షల మంది దీనితో జీవిస్తున్నారని అంచనా.

ఈ వ్యాధి జ్ఞాపకశక్తిని మాత్రమే హరిస్తుందని మనం భావిస్తాం. అది క్రమంగా నడకను, మింగే శక్తిని, దగ్గే బలాన్ని కూడా హరిస్తుంది. వయసుతో పాటు ఛాతీ బిగుసుకుంటుంది, శ్వాస కండరాలు సన్నగిల్లుతాయి. ఆపైన రోజంతా మంచం మీదనే ఉంచితే ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుంటుంది. తిన్న అన్నం, తాగిన నీరు దారి తప్పి శ్వాసనాళంలోకి పోతే న్యుమోనియా వస్తుంది. వ్యాధి ముదిరిన వారిలో అనేకుల మరణానికి అదే కారణం. "ఆయాసంగా ఉంది బేటా" అని చెప్పుకునే మాట కూడా వారికి మిగలదు.

"పెద్దవారు, పడుకోనివ్వండి" అనడం ప్రేమగానే తోస్తుంది. కాని లేవగలిగిన వారిని పడకకు అప్పగించడం సేవ అనిపించుకోదు. వైద్యుని సలహాతో చేయి పట్టి నాలుగు అడుగులు నడిపించండి. కుర్చీలోంచి కొన్నిసార్లు లేపి కూర్చోబెట్టండి. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చిన్న ముద్దలుగా, తొందరపెట్టకుండా తినిపించండి. తిన్న తరువాత అరగంట వరకు పడుకోబెట్టకండి. శ్వాస వేగం పెరిగినా, జ్వరం వచ్చినా, హఠాత్తుగా మత్తు కమ్మినా ఆలస్యం చేయకుండా వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి.

జబ్బుపడిన ఇమ్రాన్ బిన్ హుసైన్ (ర)తో దైవప్రవక్త (స), నిలబడలేకపోతే కూర్చుని, అదీ సాధ్యం కాకపోతే పక్కకు ఒరిగి నమాజు చేయమన్నారు. మతి కోల్పోయిన వారిపై కర్మల లెక్క లేదు. అయినా మనుమడి పేరు మరచిన వృద్ధులలో కొందరు, పక్కవారు రుకూ చేస్తే తామూ వంగుతారు. వారిని పక్కన నిలుపుకోండి, లేదా కుర్చీలో కూర్చోబెట్టండి. రకాతులు తప్పితే మందలించకండి.

సోదరులారా! వృద్ధులైన తల్లిదండ్రులను "ఉఫ్" అని కూడా అనరాదని అల్లాహ్ (17:23) ఆదేశించాడు. విసుగుతో వదిలే ఒక ఊపిరే ఆ "ఉఫ్". ఒకే ప్రశ్నను వారు పదిసార్లు అడిగినప్పుడు మనం ఆపుకోవలసింది ఆ ఊపిరినే. ఈ సేవ మొదట కుమారుల బాధ్యత. దానిని పూర్తిగా కోడళ్లకు వదిలి, మనం మస్జిదులో మొదటి సఫ్‌లో నిలబడితే ఆ హక్కు తీరదు.

ఓ అల్లాహ్! మా పసితనంలో మమ్మల్ని భరించిన వారిని భరించే సహనాన్ని మాకు ప్రసాదించు. వారి చివరి శ్వాసను సులభతరం చెయ్యి. ఆమీన్.