చెప్పిన మాటకు కాపలా



మనసు బాగాలేని వారి కుటుంబాల కష్టాన్ని వారి మాటల్లోనే విని రాసుకునే పరిశోధనలు ఉన్నాయి. ఎంతమందికి జబ్బుందో లెక్కలు చెబుతాయి. ఆ ఇంట్లో రాత్రి ఎలా గడుస్తుందో ఆ ఇంటివాళ్లే చెప్పాలి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ గోప్యతను రోగి హక్కుగా గుర్తించింది. పరిశోధనకు సమ్మతి స్వచ్ఛందంగా ఉండాలని అదే ఏడాది భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలూ చెప్పాయి.

అయితే సాయం తీసుకునే చేయి ఇచ్చే చేతికి 'వద్దు' అని చెప్పలేదు. మనం రేషను, స్కూలు ఫీజు ఇచ్చిన ఇంటికి మనమే పోయి "వీళ్లకు మీ బాధ చెప్పండి" అంటే తల ఊపుతారు. దాన్ని సమ్మతి అనలేం. అందుకే ఇచ్చేవారు వేరు, అడిగేవారు వేరుగా ఉండాలి. చెప్పకపోయినా సాయం ఆగదని ముందే చెప్పాలి.

పేరు మారిస్తే చాలదు. వీధి, దుకాణం, పిల్లల సంఖ్య రాస్తే పేటంతా గుర్తుపడుతుంది. ఆ ఇంటి ఆడపిల్లకు వచ్చిన సంబంధం తప్పిపోవచ్చు.

ఇది ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఒకరు వింటారు, ఒకరు ఉర్దూ మాటను తెలుగులో రాస్తారు, ఇద్దరు విడివిడిగా చదివి అర్థం సరిచూసుకుంటారు. విన్నవారికీ గుండె బరువెక్కుతుంది. ఆ బరువు బృందంలోనే దించుకోవాలి, టీకొట్టు దగ్గర కాదు.

దాతలకు మా మనవి: ఖర్చుల లెక్క తప్పక అడగండి. ఏ ఇల్లో అడగకండి, ఫోటో కోరకండి. వాళ్లు చెప్పిన మాట మన దగ్గర అమానత్.