శిశు తరగతి – ఋతుచక్రము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభసమయమున, ఇంకను చదువురాని శిశువులను గూర్చి ప్రసంగించుట కొందరికి వింతగా తోపవచ్చును. కాని గ్రంథాలయమునకు వచ్చు చదువరి అక్షరాభ్యాసము నాడు పుట్టువాడు కాడు. పెరటిలో చీమలబారు వెంట నడచి, ఇవి యెక్కడికి పోవుచున్నవని తల్లిని అడిగిన నాడే వాడు పుట్టినాడు. ఆ ప్రశ్నకు ఇంటను బడిలోను మన్నన దొరకినచో పదేండ్ల పిమ్మట వాడు గ్రంథాలయపు మెట్లెక్కును. కసురుమాట దొరకినచో పాఠ్యపుస్తకము దాటి పోడు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో ప్రథమాంధ్ర గ్రంథాలయ మహాసభ జరిగిన నాటినుండి ఈ దేశమున గ్రంథాలయోద్యమమునకు జీవము చదువరులే. కావున చదువరి మొలకెత్తు చోటును గూర్చి విచారించుట ఈ సభకు తగిన పనియే.

శిశు విద్యాలయమునకు జర్మను భాషలో 'కిండర్‌గార్టెన్' అని పేరు. శిశువుల తోట యని దాని యర్థము. దానిని నెలకొల్పిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1782లో తురింగియా సీమలో జన్మించెను. తొమ్మిది నెలల ప్రాయముననే తల్లిని కోల్పోయెను. పదునైదవ యేట అటవీ వృత్తి నేర్చుకొనుటకై పోయి, చెట్టుచేమలతో చెలిమి చేసెను. 1837లో బాడ్ బ్లాంకెన్‌బర్గ్ అను చిన్న పట్టణమున శిశువులకొరకు ఒక సంస్థను స్థాపించి, 1840లో దానికి ఈ పేరు పెట్టెను. తోట యన్న మాట ఆయనకు అలంకారము మాత్రమే కాదు. ఆయన బడితోటలో ప్రతి శిశువునకును సొంతముగా ఒక చిన్న మడి యుండెను; అందరును కలిసి చూచుకొనవలసిన మళ్ళు వేరుగా నుండెను. తన మడిలో విత్తి మొక్క పెరుగుటను చూచుట, ఉమ్మడి మడిలో ఇతరులతో కలిసి పాటుపడుట, ఈ రెండును ఆ బడిలో తొలిపాఠములు. 1851లో ప్రష్యా ప్రభుత్వము ఇట్టి బడులను నిషేధించెను. మరుసటి యేడే ఫ్రోబెల్ కన్నుమూసెను. 1860లో గాని ఆ నిషేధము తొలగలేదు.

పిమ్మట మరియా మాంటిస్సోరి 1907 జనవరి 6న రోము నగరమున పేదల వాడలో 'శిశు గృహము'ను తెరచి, కన్ను, చెవి, చేయి మొదలగు ఇంద్రియముల శిక్షణకు క్రమపద్ధతి కల్పించెను. ఆమె 1939లో మద్రాసు అడయారునకు వచ్చి, యుద్ధకాలమంతయు భారతదేశముననే యుండి ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. అంతకు మునుపే 1920లో గిజుభాయి బధేకా భావనగరున బాలమందిరము స్థాపించెను. తారాబాయి మోడక్ బొంబాయి రాష్ట్రపు పల్లెలకు పోయి, 1945 మొదలుకొని బోర్డిలోను, తరువాత కోస్బాడులోను, పేద పిల్లల ముంగిటనే బడి నడపెను. అంగన్‌వాడి యను భావన అట్లు రూపొందెను. 1975 అక్టోబరు 2న భారత ప్రభుత్వము సమగ్ర శిశు అభివృద్ధి పథకమును ప్రారంభించుటతో ఆ పేరు దేశమంతట పల్లెపల్లెకు చేరెను.

ఇంతమంది మహనీయుల మార్గములు వేరైనను, వారందరును అంగీకరించిన దొకటి కలదు. శిశువు చుట్టునున్న ప్రకృతియే వాని మొదటి పుస్తకము. ఆ పుస్తకము పుటలు తిప్పునది ఋతుచక్రము.

అయితే నేడు మన శిశు తరగతుల గోడలమీద కనబడునదేమి? నాలుగు గళ్ళ పటమొకటి. ఒక గడిలో పూలు, రెండవదానిలో ఎండ, మూడవదానిలో ఎఱ్ఱని ఆకులు రాలు చెట్టు, నాలుగవదానిలో మంచుతో చేసిన మనిషి. ఇది ఫ్రోబెల్ పుట్టిన సీమకు తగిన పటము. ఆ దేశమున అక్టోబరులో ఆకులు రాలుట, డిసెంబరులో మంచు పడుట సత్యమే. కాని ఆ పటమున వానకు చోటే లేదు! వానకొరకు ఆకసము చూచు దేశపు బిడ్డకు వానలేని సంవత్సరము నేర్పుచున్నాము. మూడవ గడికి కొందరు శరదృతువని పేరు పెట్టి, ఆ ఋతువున ఆకులు రాలునని చెప్పింతురు. మన శరత్తులో చేలు పచ్చగా నుండును, బంతులు పూయును, వెన్నెల తేటపడును. వేప ఆకు రాల్చునది ఫిబ్రవరి, మార్చి నెలలలో, శిశిరమున.

ఇది చిన్న పొరపాటని త్రోసివేయరాదు. నాలుగేండ్ల బిడ్డ బడి గుమ్మమునుండి వేపచెట్టును చూచును. అది నిండుగా ఆకులతో నున్నది. లోపల పటము ఆకులు రాలినవని చెప్పును. బిడ్డ పటమును నమ్మినచో తన కంటిని నమ్ముట మానును. బడి చెప్పునది వేరు, లోకము వేరు అను భావము ఆ వయసున నాటుకొనినచో, పెద్దయైన పిమ్మట పెరికివేయుట కష్టము. అర్థము కాకున్నను వల్లించు అలవాటునకు వేరు ఇచ్చటనే యున్నది. మంచు మనిషిని చూపవద్దని కాదు. అది దూరదేశపు ముచ్చటగా, కథగా చెప్పిన పిల్లలు సంతోషముతో విందురు. తమ ఊరి కాలమని చెప్పుటయే దోషము.

మన ఆరు ఋతువుల పేర్లు వల్లింపజేసినంత మాత్రమున కూడ పని ముగియదు. పంచాంగ గణనమున శ్రావణ భాద్రపదములు వర్షర్తువు. తొలకరి మాత్రము జ్యేష్ఠముననే, మృగశిర కార్తెతో, జూన్ మొదటి పక్షమున వచ్చుచుండును. తెలంగాణమున వాన అధికభాగము జూన్ మొదలు సెప్టెంబరు వరకు కురియును. నెల్లూరు సీమలో అక్టోబరు నుండి డిసెంబరు వరకు వచ్చు ఈశాన్య ఋతుపవనపు వానయే ఎక్కువ. కనుక ఉపాధ్యాయిని పటమునకు గాని పట్టికకు గాని లోబడక, తన ఊరి ఆకసమును చూచి పాఠము నిర్ణయించుకొనవలెను. ఇందుకు రైతు కార్తెలే మంచి తోడు. ఏడాదికి ఇరువదియేడు కార్తెలు. ఒక్కొక్కటి పదుమూడు, పదునాలుగు దినములు. పక్షమునకొక క్రొత్త సంగతి చూపవలెనన్న ఇంతకంటె అనువైన పాఠక్రమము దొరకదు.

బడులు తెరచునది జూన్‌లో; తొలకరియు అప్పుడే. శిశు తరగతికి ఇది అదృష్టము. తిన్నని గోడలు, సమమైన అడుగు గల గాజు గ్లాసు నొకదానిని ఆరుబయట ఉంచవలెను. వాన వెలిసిన పిమ్మట నీరెంత ఎత్తు నిలిచినదో అంత పొడవున కాగితపు పట్టీ కత్తిరించి గోడకు అంటింపవలెను. ఆగస్టు నాటికి గోడమీద పొట్టి పొడుగు పట్టీల వరుస ఏర్పడును. ఏ వాన పెద్దది, ఏ వారమున వాన లేదు అనునది అంకెలు రాని బిడ్డయు వ్రేలు పెట్టి చూపగలడు. వాన తాటాకు మీద పడిన చప్పుడేది, పెంకు మీద పడినదేది, రేకు మీద పడినదేది యని కన్నులు మూసికొని చెప్పించుట చెవికి మంచి వ్యాయామము.

ఆరుద్ర కార్తెలో, తొలి వానలకు తడిసిన నేలమీద మఖమలు వంటి ఎఱ్ఱని ఆరుద్ర పురుగులు వెలువడును. ఒకదానిని ఆకుమీదికి ఎక్కించి కాళ్ళు లెక్కింపజేయవలెను. ఎనిమిది వచ్చును. చీమకు ఆరే. ఈ భేదము కనిపెట్టిన బిడ్డ ఎనిమిది యను అంకెను మరువడు. సాలీడును చూచినపుడు దీని చుట్టమని తానే పోల్చుకొనును. చూచిన పిమ్మట పురుగును తెచ్చిన చోటనే విడిచిపెట్టుట పాఠములో ముఖ్యభాగము. నానిన పెసలను తడిగుడ్డలో మూటగట్టిన ఒకటి రెండు దినములలో మొలకెత్తును. చింతగింజ అంత త్వరపడదు. రెండును ప్రక్కప్రక్కన నాటినచో, ఓర్పు అనగానేమో ఉపన్యాసము లేకయే బోధపడును.

శరత్తు పూలకాలము. తంగేడు, గునుగు, బంతి పూలను రాశి పోసి, రంగును బట్టియు పరిమాణమును బట్టియు వేరుచేయింపవలెను. తెలంగాణపు ఇండ్లలో బతుకమ్మ పేర్చువారు అడుగున పెద్ద చుట్టు, దానిపై అంతకంటె చిన్న చుట్టు, అట్లు కొననుండు వరకు పేర్చుదురు. మాంటిస్సోరి బడులలో పెద్దనుండి చిన్నవరకు పది దిమ్మెలను ఒకదానిపై నొకటి నిలుపు అభ్యాసము ప్రసిద్ధము. ఆ జ్ఞానమే మన అవ్వల చేతులలో పూలతో నున్నది. ఒక అవ్వను బడికి పిలిచి పిల్లల నడుమ కూర్చుండబెట్టిన చాలును.

హేమంతమున ముగ్గులు. చుక్కలు లెక్కపెట్టి వరుస తీర్చుట, గీత తెగకుండ చుక్కను చుట్టివచ్చుట, వ్రేళ్ళకు పట్టు నిచ్చును. పలక బలపము పట్టుటకు ముందు నేలమీద ముగ్గుపిండితోను ఇసుకలోను ఇట్లు చేసిన చేతికి 'అ' 'ఆ'లు భారము కావు. వడ్లగింజను ఒలిచి ఊక, తవుడు, బియ్యము వేరుగా చూపవలెను, అన్నమెక్కడిదో తెలియును. బడి ముంగిట ఒక కఱ్ఱ పాతి, పక్షమునకొకసారి మధ్యాహ్నము ఒకే వేళకు నీడ కొసన గులకరాయి ఉంచవలెను. డిసెంబరు చివర ఆ నీడ అన్నింటికంటె పొడవు. తరువాత క్రమముగా కురచయగును. కృష్ణా గోదావరీ తీరములందు మే ప్రథమార్ధమున ఒకనాడును, ఆగస్టు మొదట మరియొకనాడును, మిట్టమధ్యాహ్నము నిలువు కఱ్ఱకు నీడయే యుండదు. మబ్బు లేనిచో పిల్లలకు అది పండుగ.

శిశిరమున ఆకులు రాలును. బాదమాకు ఎఱ్ఱబడి రాలుట, రావియాకు ఈనెలు తేలుట చూపి, కాగితము క్రింద ఆకునుంచి రంగుతో రుద్దించిన ఆకుబొమ్మ దిగును. మోదుగ పూచును. వసంతము రాగానే వేప చిగురు, వేప పువ్వు, మామిడి పిందె, కోయిల కూత. ఉగాది నాటి ఆరు రుచులు నాలుకకు పాఠము. వేసవి సెలవులకు ముందు ఒకే గుడ్డను రెండు ముక్కలుచేసి తడిపి, ఒకటి ఎండలోను ఒకటి నీడలోను ఆరవేసి ఏది ముందు ఆరునో చూడవలెను. కుండనీరు చల్లబడుట ముచ్చటింపవలెను. పిట్టలకు మూకుడులో నీరుంచవలెను. తాటాకు బొమ్మలు, ముంజకాయల బండ్లు చేయుట ఊరి పెద్దపిల్లలే నేర్పగలరు.

ఇన్ని ఆటలాడించుచుండగా అక్షరములెప్పుడు వచ్చునని తల్లిదండ్రులు అడుగుట సహజము. కూలినాలి చేసి బిడ్డను బడికి పంపు తండ్రికి, పలకమీద అక్షరము కనబడిననే బడి నడచుచున్నదని ధైర్యము. ఆ ఆరాటమును తక్కువ చేయరాదు. ఆయనకు చూపవలసిన సాక్ష్యము మాత్రము వేరొకటి కలదు. జూన్‌లో నోరు విప్పని బిడ్డ డిసెంబరులో గింజ ఎట్లు మొలచినదో వరుసగా చెప్పుచున్నాడా? ఎనిమిది కాళ్ళు తప్పక లెక్కించుచున్నాడా? గీత తిన్నగా లాగుచున్నాడా? మాట, లెక్క, చేతిపట్టు అను ఈ మూడును వచ్చిన బిడ్డకు అక్షరములు త్వరగా వచ్చును, వచ్చినవి నిలుచును. 2020 నాటి జాతీయ విద్యావిధానము మూడేండ్ల నుండి ఎనిమిదేండ్ల వరకు గల వయసును పునాది దశగా గుర్తించి, ఆట ద్వారా, చేసి చూచుట ద్వారా నేర్చుకొనుటకు ప్రాధాన్య మిచ్చినది.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. గన్నేరు, ఉమ్మెత్త, గురివింద గింజ విషములు. ఇవి తరగతిలోనికి రారాదు. చిన్న గింజలను ముక్కులోను చెవిలోను దూర్చుకొనుట పిల్లలకు పరిపాటి, కన్ను వేసియుండవలెను. చెరువు, కాలువ గట్టులకు పెద్దల తోడు లేక కొనిపోరాదు. మట్టి పని ముగియగనే సబ్బుతో చేతులు కడిగింపవలెను. గ్లాసులోని వాననీటిని దోమలు చేరకముందే పారబోయవలెను.

ఇక గ్రంథాలయమునకు ఇందు పని యేమి? మూడు పనులు కలవు. మొదటిది, ఊరి ఋతువుల పుస్తకము. తొలకరి ఏనాడు వచ్చినది, మామిడి ఎప్పుడు పూచినది, వేప ఎన్నడు ఆకు రాల్చినది, తూనీగలు ఎప్పుడు కనబడినవి అని తేదీతో వ్రాయు ఒక నోటుపుస్తకమును బల్లమీద ఉంచవలెను. సభ్యులలో ఎవరు చూచిన దానిని వారు వ్రాయవచ్చును. పదేండ్లకు అది ఈ ఊరి పిల్లలకు ఏ అంగడిలోను దొరకని పాఠ్యగ్రంథమగును. రెండవది, ఆ పుస్తకమును బట్టి ఊరి యువకులు, బడి పిల్లలు బొమ్మలు గీసి, మన వానకు చోటున్న ఒక ఋతుపటమును సిద్ధపరచి అంగన్‌వాడి గోడకు ఇచ్చుట. మూడవది, శిశువు చేతికందు ఎత్తున ఒక చిన్న అర. అందు బొమ్మల పుస్తకములు, వారమునకొకనాడు చదివి వినిపించు ఒక అక్కయ్య లేక తాతగారు.

ఇందు దేనికిని పెద్ద ధనము అక్కరలేదు. ఒక గాజు గ్లాసు, ఒక కఱ్ఱ, గుప్పెడు పెసలు, ఒక నోటుపుస్తకము, కొంత ఓపిక చాలును. నేడు శిశు తరగతిలో కూర్చున్న బిడ్డలు ఈ గ్రంథాలయపు స్వర్ణోత్సవము నాటికి ముప్పదేండ్ల వయసువారై యుందురు. ఆనాడు సభలో కూర్చుండునదియు, గ్రంథములు కొనునదియు, కొనిపించునదియు వారే. వారు తమ కంటితో చూచినదానిని తమ నోటితో చెప్పి, తమ చేతితో గీసి, పిమ్మట పుస్తకమున చదువుకొని, రెంటిని పోల్చిచూచు చదువరులై వర్ధిల్లుదురుగాక.