చంకలో లేచే ఎర్రని గడ్డలు



సోలాపూరు వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మరమగ్గాల షెడ్డులో రోజంతా నిలబడిన కార్మికునికి దూది నూగు, చెమట, బిగుతు బనియను రాపిడి మూడూ చంకలోనే చేరుతాయి. ఒకనాటి ఉదయం చేయి దించబోతే ముల్లు గుచ్చుకున్నట్టవుతుంది. తడిమి చూస్తే శనగగింజంత గడ్డ. ఇంటి పెద్దలు దానిని సెగగడ్డ అంటారు; మజ్జిగ తాగమంటారు, మామిడిపండ్లు మానమంటారు. సెగ అంటే వేడి. కారణమూ చికిత్సా రెండూ ఆ పేరులోనే దొరికినట్టు తోస్తుంది. కాని ఒంటి వేడి గడ్డను పుట్టించదు.

చంకలోని ప్రతి వెంట్రుక ఒక సన్నని గుంట నుండి మొలుస్తుంది. స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే సూక్ష్మజీవి ఎందరో ఆరోగ్యవంతుల ముక్కులోను, చర్మం మీదను ఊరకే ఉంటుంది. క్షవరపు బ్లేడు గీతగాని, రాపిడిగాని దారి ఇచ్చినప్పుడు ఆ గుంటలోకి దిగి చీము పట్టిస్తుంది. పైపైన ఉంటే చిన్న పొక్కు, లోతుకు దిగితే గడ్డ. గోరువెచ్చని నీటిలో ముంచిన శుభ్రమైన గుడ్డతో రోజుకు మూడు నాలుగుసార్లు, ప్రతిసారి పది నిమిషాలు కాపడం పెడితే చిన్న గడ్డలు చాలవరకు తామే అణగుతాయి. పిండితే మాత్రం చీము మరింత లోతుకు పోతుంది. సున్నం, బెల్లం కలిపి పట్టు వేసేవారున్నారు. ఆ సున్నం చంకలోని మెత్తని చర్మాన్ని కాలుస్తుంది. తువ్వాలు సంగతి కూడా చెప్పక తప్పదు. దేశమంతటికీ తువ్వాళ్లు నేసి పంపే ఊరిలో ఒక్కొక్క ఇంట నలుగురికి ఒకే తువ్వాలు ఉండటం వింత. గడ్డ ఉన్నవారి తువ్వాలు, బ్లేడు వేరుగా ఉండాలి. మాటిమాటికీ గడ్డలు లేచేవారు రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోవాలి. మధుమేహం ఇలా బయటపడటం అరుదు కాదు.

కొత్త డియోడరెంటు పడక చంక ఎర్రబడి మండవచ్చు. దానిని మానితే తగ్గుతుంది. దురదతో, అంచు తేలిన మచ్చ అయితే అది తామర కావచ్చు. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ కలిసిన క్రీము తామర ఎరుపును నాలుగు రోజులు అణచి, లోపల బూజును పెంచుతుంది.

ఇక అందరికంటే ఎక్కువ బాధపడేవారు, అందరికంటే తక్కువ చెప్పుకొనేవారు వేరే ఉన్నారు. వారికి గడ్డ మానుతుంది, నెల తిరగక ముందే అదే చోట మళ్లీ లేస్తుంది. చంకలోనే కాక గజ్జలలో, రొమ్ముల కింద కూడా వస్తుంది. కాలక్రమాన చర్మం కింద సొరంగాల వంటి దారులు పడి చీము కారుతుంది, మచ్చలు గట్టిపడి చేయి పైకి లేవదు. వైద్యులు దీనిని హైడ్రాడినైటిస్ సప్యురటైవా అంటారు. 1839లో ఫ్రెంచి శస్త్రవైద్యుడు వెల్పో దీనిని వర్ణించాడు. 1854లో వెర్నెయి ఇది స్వేదగ్రంథుల వ్యాధి అని తలచాడు. ఆ పేరే నిలిచింది. నిజానికి మూసుకుపోయిన వెంట్రుక గుంటలోనే ఇది మొదలవుతుందని తరువాత తేలింది. సెగగడ్డ వలెనే ఇదీ దారి తప్పించే పేరు.

ఇది సాధారణంగా యౌవనం తరువాత మొదలవుతుంది. కొన్ని కుటుంబాలలో వంశానుగతంగా కనిపిస్తుంది. పొగతాగేవారిలో, స్థూలకాయులలో ఎక్కువ. బీడీ మానడం కూడా చికిత్సలో భాగమే. ఇది అంటువ్యాధి కాదు, స్నానం చేయనందువల్ల వచ్చేదీ కాదు. అయినా వాసనకు, మరకకు సిగ్గుపడి పెళ్లిళ్లకు వెళ్లడం మానుకొన్న స్త్రీలు, భర్తకు సైతం చెప్పని స్త్రీలు ఉన్నారు. ప్రతిసారి కోయించుకొని కట్టు కట్టించుకొంటే ఆనాటి నొప్పి తగ్గుతుందే తప్ప జబ్బు ఆగదు. చర్మవైద్యుని వద్ద నెలల తరబడి వాడే మందులున్నాయి, ముదిరినవారికి సూదిమందులు, శస్త్రచికిత్స ఉన్నాయి. సొరంగాలు పడక ముందే వెళ్లినవారికి మేలు ఎక్కువ.

చంకలో తగిలేదంతా చర్మపు గడ్డ కాదు. చేతికి గాయమైనప్పుడు చంకలో బిళ్ల కట్టడం తెలిసినదే. ఎడమ భుజానికి బి.సి.జి. టీకా వేసిన పసిబిడ్డకు ఆ వైపు చిన్న బిళ్ల కట్టవచ్చు; అది పెరిగితే, మెత్తబడితే చూపించాలి. సాయంకాలపు జ్వరం, బరువు తగ్గడం తోడైన బిళ్ల క్షయ కావచ్చు. నొప్పి లేని గట్టి బిళ్ల రెండు మూడు వారాలైనా కరగకపోతే, స్త్రీలు రొమ్ము పరీక్ష కూడా చేయించుకోవాలి. నొప్పి లేదు కనుక భయం లేదనుకోవడం ఇక్కడ పెద్ద పొరపాటు. చలిజ్వరం వచ్చినా, ఎరుపు వేగంగా పాకినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతికినట్టు అని తెలుగువారంటే, చంకలో బిందె పెట్టుకొని ఊరంతా చుట్టినట్టని మరాఠీవారంటారు: ‘కాఖేత్ కళసా, గావాలా వళసా’. ఇటీవల ఊరి నుండి వచ్చి, మరాఠీ రాక ఆసుపత్రి గడప తొక్కని కోడళ్లకు ఆ సామెతలోని మొదటి మాట చాలు. చంకను ‘కాఖ్’ అంటారు, గడ్డను ‘గళూ’ అంటారు. గడ్డ ఎన్నిసార్లు లేచిందో, అదే చోట లేచిందో లేదో తేదీలతో ఒక కాగితం మీద తెలుగులోనే రాసుకొని వెళ్లవచ్చు. చదివి చెప్పేవారు ఈ నగరంలో ప్రతి వరుసలోనూ దొరుకుతారు.